జీజిప్ చేసిన వాల్ ఫైళ్లు నిజంగా రీస్టోర్ అవుతాయని ఎలా తేల్చుకోవాలి? పోస్ట్‌గ్రెస్ 14

కొత్త_డీబీఏ · శుక్రవారం రాత్రి 8:52

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట, ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కొడుతున్నాను, కమాండ్లు కూడా తెలుగులోనే పడతాయి, సర్దుకోండి.

నేను అసలు డీబీఏని (డేటాబేస్‌లు చూసుకునేవాడిని) కాదు, జావా రాసుకునేవాడిని. ల్యాబ్ రిపోర్టులు, బిల్లింగ్ చేసే సాఫ్ట్‌వేర్ మాది, దాని వెనకాల ఉబుంటు మీద పోస్ట్‌గ్రెస్ 14 డేటాబేస్. సర్వర్లు చూసుకునే అతను ఫిబ్రవరిలో మానేశాడు, ఆ పని తెచ్చి నా నెత్తిన పెట్టారు. అతను చేసి వెళ్లిన ఏర్పాటు ఏంటంటే, ప్రతి ఆదివారం తెల్లవారుజామున పీజీ బేస్‌బ్యాకప్‌తో మొత్తం బ్యాకప్, మిగతా వారమంతా వాల్ ఫైళ్లు (డేటాలో జరిగే ప్రతి మార్పూ రాసుకునే లాగ్ ఫైళ్లు) ఒక్కొక్కటీ జీజిప్‌తో కంప్రెస్ అయి న్యాస్‌లోకి (నెట్‌వర్క్‌లోని స్టోరేజ్) వెళ్తుంటాయి. ఆర్కైవ్ టైమౌట్ 5 నిమిషాలు, అంటే ఫైలు నిండకపోయినా అయిదు నిమిషాలకి పంపేస్తుంది. రెండు వారాలు దాటిన ఫైళ్లని క్రాన్ (టైమ్ ప్రకారం స్క్రిప్టులు నడిపేది) తీసేస్తుంది. రోజూ రాత్రి 2 గంటలకి ఇంకో స్క్రిప్టు లేచి అన్ని జీజెడ్ ఫైళ్ల మీదా జీజిప్ -టి (కంప్రెస్ అయిన ఫైలు చెడలేదు కదా అని చూసే కమాండ్) నడిపి "అన్నీ ఓకే" అని మెయిల్ కొడుతుంది. నాలుగు నెలల్లో ఒక్క రోజు కూడా ఓకే రాకుండా లేదు.

మొన్న మా సార్ టీ తాగుతూ మాటల్లో అడిగారు, "ఇవాళ మధ్యాహ్నం సర్వర్ పోయిందనుకో, ఎంతవరకు వెనక్కి తేగలం, ఎంతసేపు పడుతుంది?" అని. నేను "లాగ్ ఫైళ్లన్నీ రోజూ టెస్ట్ చేస్తున్నాం సార్" అన్నాను. "నేనడిగింది అది కాదుగా" అన్నారు. అప్పట్నుంచి టెన్షన్ పట్టుకుంది. జీజిప్ -టి ఓకే అంటే రీస్టోర్ కూడా ఓకే అనుకోవచ్చా? ఇంకేమైనా చేయాలా? ఆర్కైవ్ కమాండ్ (ఒక్కో వాల్ ఫైలుకీ పోస్ట్‌గ్రెస్ నడిపేది) పిలిచే స్క్రిప్టులో ఉన్నది రెండే లైన్లు, మొదటి పారామీటర్ పర్సెంట్ పీ (వాల్ ఫైలు పాత్), రెండోది పర్సెంట్ ఎఫ్ (ఫైలు పేరు):

సీడీ /మౌంట్/న్యాస్/వాల్
క్యాట్ $1 | జీజిప్ > $2.జీజెడ్

కంప్రెషన్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది, నేను వచ్చినప్పటి నుంచి న్యాస్‌లో వాడుకునే జాగా పెరిగిందే లేదు.

బైట్_బుజ్జి · శుక్రవారం రాత్రి 9:05

వాల్ కంప్రెషన్ అనే సెట్టింగ్ ఆన్ చేసి ఉంటారు బ్రో, అందుకే జాగా తక్కువ పడుతోంది. ఆ సెట్టింగ్ ఉంటే జీజిప్ అక్కర్లేదేమో కూడా.

రాత్రి_షిఫ్ట్ · శుక్రవారం రాత్రి 9:21

బుజ్జీ, అది వేరే సంగతి. వాల్ కంప్రెషన్ ఆన్ చేస్తే వాల్ ఫైలు లోపల రాసే పూర్తి పేజీల కాపీలు మాత్రమే నొక్కుతుంది, ఫైలు సైజు ఎప్పటిలాగే 16 ఎంబీ ఉంటుంది. ఆర్కైవ్‌లో జీజిప్ చేయడానికీ దీనికీ సంబంధం లేదు.

కొత్త_డీబీఏ గారూ, మీ ప్రశ్నకి జవాబు తర్వాత, ముందు న్యాస్‌లోకి వెళ్లి ఏదో ఒక వాల్ ఫైలు మీద జీజిప్ -ఎల్ కొట్టి వచ్చిన అంకెలు ఇక్కడ పెట్టండి. ఎల్ఎస్ -ఎల్‌తో సైజులు కూడా చూడండి. మీ స్క్రిప్టు మొదటి లైను నాకు నచ్చలేదు, జాగా పెరగడం లేదన్న మాట అసలే నచ్చలేదు.

కొత్త_డీబీఏ · శుక్రవారం రాత్రి 9:40

వీపీఎన్ పెట్టుకుని చూశాను. కంప్రెస్ అయిన సైజు 20, విప్పితే సైజు 0, నిష్పత్తి 0.0 శాతం. ఇంకో పది ఫైళ్లు చూశా, అన్నీ 20, 0. ఎల్ఎస్‌లో పైనుంచి కిందిదాకా అన్నీ 20 బైట్లే. ఇదేంటండీ? జీజిప్ -టి ఇప్పుడే మళ్లీ నడిపాను, ఓకే అనే అంటోంది!

రాత్రి_షిఫ్ట్ · శుక్రవారం రాత్రి 10:02

ఓకే అనే అంటుంది, ఎందుకంటే అది తప్పేం చెప్పట్లేదు. ఖాళీ డబ్బాని చక్కగా ప్యాక్ చేసి సీలు వేశారు, సీలు బాగుందా అని అడిగితే బాగుందనే చెబుతుంది. ఏమీ లేని ఇన్‌పుట్‌ని జీజిప్ చేస్తే సరిగ్గా 20 బైట్లు వస్తాయి, 10 బైట్ల హెడర్, 2 బైట్ల ఖాళీ బ్లాకు, చివర 8 బైట్లలో సీఆర్‌సీ (తప్పులు పట్టే అంకె), సైజు. మీ లాప్‌టాప్‌లోనే /డెవ్/నల్‌ని జీజిప్‌కి ఇచ్చి చూడండి, అదే 20 వస్తుంది.

జరిగింది ఇది. పర్సెంట్ పీ కింద పోస్ట్‌గ్రెస్ ఇచ్చే పాత్ పూర్తి పాత్ కాదు, డేటా డైరెక్టరీ నుంచి చూస్తే ఉండే పాత్, అంటే పీజీ_వాల్/ తర్వాత ఫైలు పేరు, అంతే. మీ పాతతను స్క్రిప్టు మొదట్లో న్యాస్‌లోకి సీడీ కొట్టాడు, ఇక అక్కడ పీజీ_వాల్ అనే ఫోల్డరే ఉండదు, క్యాట్ ఫెయిల్ అయింది, జీజిప్‌కి ఏమీ అందలేదు. అయినా పైపులో (| గుర్తుతో కలిపిన కమాండ్లలో) చివరి కమాండ్ ఏది తిరిగిచ్చిందో అదే మొత్తం ఫలితం, జీజిప్ సున్నా ఇచ్చింది, పోస్ట్‌గ్రెస్ "భద్రంగా చేరింది" అనుకుని అసలు వాల్ ఫైలుని తుడిచేసి మళ్లీ వాడుకుంది. పోస్ట్‌గ్రెస్ లాగ్ తెరిచి చూడండి, "క్యాట్: పీజీ_వాల్/... నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని అయిదు నిమిషాలకోసారి మొత్తుకుంటూ ఉంటుంది.

రెండు వారాలు దాటినవి తుడిచేస్తున్నారు కాబట్టి పక్కన పెట్టి పోల్చి చూడటానికి ఒక్క మంచి ఫైలు కూడా మిగల్లేదు, అందుకే ఎవరి కంటా పడలేదు.

గాభరా పడకండి, నడుస్తున్న డేటాబేస్‌కి ఏమీ కాలేదు. ఆదివారం బేస్‌బ్యాకప్ దాని వాల్‌ని అదే తెచ్చుకుంటుంది, స్ట్రీమ్ పద్ధతి 10వ వెర్షన్ నుంచీ డిఫాల్టే, కాబట్టి ఆదివారం దాకా ఢోకా లేదు. కానీ ఆదివారం నుంచి ఇప్పటి వరకు అయిదు రోజుల బిల్లులు, రిపోర్టులు గాలిలో దీపమే. ఈ రాత్రే స్క్రిప్టు సరిచేసి, వెంటనే కొత్తగా బేస్‌బ్యాకప్ తీసుకోండి. స్క్రిప్టు మాత్రం మార్చి ఊరుకుంటే మధ్యలో తెగిన గొలుసు అతకదు, పోయిన వాల్ ఫైళ్లు ఇక ఎక్కడా లేవు.

పైపు_పంతులు · శుక్రవారం రాత్రి 10:30

స్క్రిప్టు సంగతి నేను చెప్తా. ఆర్కైవ్ కమాండ్‌ని పోస్ట్‌గ్రెస్ ఎస్‌హెచ్ అనే షెల్‌తో నడుపుతుంది, ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే డ్యాష్, బ్యాష్ కాదు, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పైప్‌ఫెయిల్ (పైపులో ఏ కమాండ్ ఫెయిల్ అయినా మొత్తం ఫెయిల్ అనే సెట్టింగ్) కావాలంటే స్క్రిప్టుని విడిగా పెట్టి మొదటి లైనులోనే బ్యాష్ అని చెప్పాలి. అసలు ఇక్కడ పైపే అక్కర్లేదు, క్యాట్ అంతకన్నా అక్కర్లేదు, జీజిప్‌కే ఫైలు ఇస్తే సరిపోతుంది.

నేను వాడేది ఇలా ఉంటుంది. సీడీ ఉండదు. గమ్యంలో అదే పేరుతో ఫైలు ముందే ఉంటే దాన్ని విప్పి ఇప్పుడొచ్చినదానితో పోలుస్తాను, రెండూ ఒకటే అయితే సున్నా ఇచ్చి బయటికొచ్చేస్తాను, తేడా ఉంటే తప్పు కోడ్ ఇచ్చి ఆగిపోతాను, దాని మీద రాసే ప్రసక్తే లేదు. ఫైలు లేకపోతే టెంపరరీ పేరుతో జీజిప్ చేసి, అదే నిమిషంలో దాన్ని గన్‌జిప్‌తో విప్పి సీఎంపీ కమాండ్‌తో అసలు వాల్ ఫైలుతో బైటుకు బైటు పోల్చి, సింక్ కొట్టి, ఆ తర్వాతే అసలు పేరుకి మారుస్తాను. అక్కడ పైపు ఉన్నా పర్లేదు, చివర్లో ఉన్నది సీఎంపీ, తేడా ఉంటే అదే చెబుతుంది. 16 ఎంబీ ఫైలుకి ఈ పోలిక కన్నుమూసి తెరిచేలోపు అయిపోతుంది, సర్వర్ మీద బరువేం ఉండదు. నా లెక్కలో రాత్రి 2 గంటల జీజిప్ -టి కన్నా ఇది వంద రెట్లు నయం, ఎందుకంటే అసలు ఫైలు ఇంకా చేతిలో ఉండగానే పోలుస్తున్నాం, తేడా వస్తే పోస్ట్‌గ్రెస్ దాన్ని తుడవకుండా ఉంచి మళ్లీ ప్రయత్నిస్తుంది.

టెంపరరీ పేరు ఎందుకంటే, షెల్ ముందు ఖాళీ ఫైలు తెరిచి తర్వాత జీజిప్‌ని మొదలుపెడుతుంది, మధ్యలో కరెంటు పోతే అసలు పేరుతోనే సగం ఫైలు మిగిలిపోతుంది. ఒకసారి మా దగ్గర అలాగే అయింది, స్క్రిప్టేమో "ఫైలు ముందే ఉంది" అని పదే పదే ఫెయిల్ అవుతూ కూర్చుంది, పీజీ_వాల్ డిస్కు నిండే దాకా ఎవరూ చూడలేదు. పీజీ స్టాట్ ఆర్కైవర్ అని ఒక వ్యూ ఉంది, ఫెయిల్డ్ కౌంట్, చివరగా వెళ్లిన ఫైలు టైమ్ అందులో ఉంటాయి, దాని మీద అలర్ట్ పెట్టుకోండి. కాకపోతే మీ కేసులో ఆ వ్యూ కూడా అంతా బాగుందనే చెప్పి ఉండేది, సున్నా వచ్చిందిగా.

రాత్రి_షిఫ్ట్ · శుక్రవారం రాత్రి 10:41

పంతులుగారి దానికి ఒకటి కలుపుతా. జీజిప్ లోపలి డిఫ్లేట్ పద్ధతి ఎంత గట్టిగా నొక్కినా 1032కి 1 దాటదు. అంటే 16 ఎంబీ వాల్ ఫైలులో అన్నీ సున్నాలే ఉన్నా జీజెడ్ సైజు 16 వేల బైట్ల కిందికి రాదు. ఆర్కైవ్‌లో అంతకన్నా చిన్న వాల్ ఫైలు ఒక్కటి కనబడినా ఏదో తేడా జరిగిందని అర్థం, దాన్ని పట్టుకోవడానికి ఫైండ్ కమాండ్ ఒక్క లైను చాలు. డాట్ హిస్టరీ, డాట్ బ్యాకప్ ఫైళ్లు మాత్రం చిన్నవే ఉంటాయి, వాటిని వదిలేయండి. పేర్లు వరసగా ఉన్నాయో, మధ్యలో నంబర్ ఏదైనా ఎగిరిందో కూడా చూడాలి, ఒక్కటి లేకపోయినా రికవరీ అక్కడితో ఆగిపోతుంది.

టూల్స్_తమ్ముడు · శుక్రవారం రాత్రి 11:15

ఇంత కష్టం ఎందుకన్నా, పీజీబ్యాక్‌రెస్ట్ అనే బ్యాకప్ టూల్ పెట్టేయండి, అయిపోతుంది. వాల్ ఫైలు పేరు చివర్లోనే చెక్‌సమ్ పెడుతుంది, చెక్ కమాండ్ ఉంది, వెరిఫై కమాండ్ ఉంది. చేత్తో రాసిన స్క్రిప్టులు ఎప్పుడైనా ఇలాగే కొంప ముంచుతాయి.

రాత్రి_షిఫ్ట్ · శుక్రవారం రాత్రి 11:22

పెట్టుకోమనే నేనూ అంటాను, ఈ రాత్రి కాదు, తీరిగ్గా. కానీ టూల్ పెట్టాక రీస్టోర్ చేసి చూడటం మానేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

పాత_కాపు · శనివారం ఉదయం 7:10

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ (కోడ్ దాచుకునే సైటు) వాళ్ల దగ్గర జరిగింది గుర్తుందా ఎవరికైనా? ప్రైమరీ సర్వర్‌లో డేటా డైరెక్టరీ పొరపాటున డిలీట్ అయింది. తీరా బ్యాకప్‌ల కోసం వెతికితే, బ్యాకప్ తీసే పీజీ డంప్ 9.2 వెర్షన్‌ది, సర్వర్ 9.6, రోజూ ఫెయిల్ అవుతోంది, బ్యాకప్ ఫోల్డర్ ఖాళీ. ఫెయిల్ అయినట్టు మెయిల్స్ వెళ్లాయి కానీ డీమార్క్ (మెయిల్ పంపింది అసలువాళ్లేనా అని చూసే తనిఖీ) వల్ల తిరస్కరించారు, ఎవరికీ చేరలేదు. అదృష్టం బాగుండి ఒక ఇంజనీర్ ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (డిస్కు కాపీ) ఉంది, దాంతో బతికారు, ఆరు గంటల డేటా మాత్రం పోయింది. దాచుకోకుండా అంతా వాళ్లే బయట పెట్టారు, చదివి చూడండి. వాళ్లకి ఫెయిల్ మెయిల్ రాలేదు, మీకు ఓకే మెయిల్ వచ్చింది, చివరికి ఇద్దరి ఫోల్డర్లలోనూ ఏమీ లేదు.

మైక్రోసాఫ్ట్_మామ · శనివారం ఉదయం 9:33

మేము ఎస్‌క్యూఎల్ సర్వర్ వాళ్లం, కథ అదే, పేర్లే వేరు. మా దగ్గర రీస్టోర్ వెరిఫై ఓన్లీ అని ఉంది, అది ఓకే అంటే చాలామంది నిద్రపోతారు. బ్యాకప్ సెట్ పూర్తిగా ఉందా, చదవడానికి వస్తోందా అనే చూస్తుంది అది, లోపలి డేటా నిర్మాణం సరిగ్గా ఉందో లేదో చూడదు. కంప్రెస్డ్ బ్యాకప్‌కి చెక్‌సమ్ డిఫాల్ట్‌గానే పడుతుంది, అంతవరకు బాగుంది. మా కొంపలో జరిగింది ఏంటంటే, ఎవరో టెస్టింగ్ కోసమని కాపీ ఓన్లీ (లాగ్ గొలుసుని కదపని ఆప్షన్) పెట్టకుండా ఒక లాగ్ బ్యాకప్ తీసి తన లాప్‌టాప్‌లో పెట్టుకున్నాడు. గొలుసులో ఆ ఒక్క ముక్క అతని దగ్గర ఉండిపోయింది, మా ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నీ వెరిఫైలో పాస్, కానీ ఆ ముక్క దాటి రీస్టోర్ ముందుకు కదల్లేదు. అప్పటి నుంచీ ప్రతి ఫైలు హెడర్‌లో ఫస్ట్ ఎల్ఎస్ఎన్ (లాగ్ వరస నంబర్), దాని ముందు ఫైలు లాస్ట్ ఎల్ఎస్ఎన్ కలుస్తున్నాయా లేదా అని స్క్రిప్టు చూస్తుంది, వారానికోసారి వేరే సర్వర్‌లో రీస్టోర్ చేసి డీబీసీసీ చెక్ డీబీ (డేటాబేస్ లోపలి తప్పులు వెతికేది) నడుపుతాం.

కొత్త_డీబీఏ · శనివారం మధ్యాహ్నం 12:18

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి 1 గంటకి స్క్రిప్టు మార్చాను, పంతులుగారు చెప్పినట్టే. ఇప్పుడు ఫైళ్లు 2 ఎంబీ నుంచి 6 ఎంబీ దాకా వస్తున్నాయి, చూస్తుంటేనే కడుపు నిండింది. కొత్త బేస్‌బ్యాకప్ 3:40కి అయిపోయింది. లాగ్‌లో క్యాట్ ఎర్రర్ నిజంగానే ఉంది, వేలకొద్దీ లైన్లు, నాలుగు నెలలుగా. రేపు ఒక ఖాళీ వీఎంలో (వర్చువల్ మెషిన్) రీస్టోర్ చేసి చూస్తాను. జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

రాత్రి_షిఫ్ట్ · శనివారం మధ్యాహ్నం 1:05

ఉన్నాయి. టెస్ట్ వీఎంలో ఆర్కైవ్ మోడ్ ఆఫ్ చేయండి, లేకపోతే అది ప్రమోట్ అయ్యాక (రికవరీ ముగిసి మామూలు సర్వర్‌గా మారాక) మీ అసలు న్యాస్ ఫోల్డర్‌లోకే టైమ్‌లైన్ 2 (కొత్త శాఖ) వాల్ ఫైళ్లు తోస్తుంది. న్యాస్‌ని ఆ వీఎంకి రీడ్ ఓన్లీగా ఇస్తే ఇంకా మంచిది. పోస్ట్‌గ్రెస్ మేజర్ వెర్షన్ అదే ఉండాలి, ఉబుంటు కూడా అదే వెర్షన్ పెట్టండి. జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) 2.28లో అక్షరాల వరస మారింది, దానికి ముందు తీసిన బ్యాకప్‌ని తర్వాతి వెర్షన్ మీద లేపితే టెక్స్ట్ ఇండెక్సులు తప్పుతాయి, క్వెరీ చేస్తే ఉన్న రోగి లేడని చెబుతుంది, అప్పుడు బ్యాకప్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు.

అన్నిటికన్నా ముఖ్యం, సర్వర్ లేచింది కదా అని సంబరపడకండి. అసలు సర్వర్‌లో ఇప్పుడే ఒక చిన్న టేబుల్ చేసి, క్రాన్‌తో నిమిషానికోసారి అందులో టైమ్ రాయించండి. రీస్టోర్ అయ్యాక ఆ టేబుల్‌లో చివరి వరస ఎన్ని గంటలదో చూడండి. దాన్ని బట్టే తెలుస్తుంది ఎంతవరకు వచ్చామో.

కొత్త_డీబీఏ · సోమవారం రాత్రి 9:47

మూడు ప్రయత్నాలు పట్టింది, ఎలా జరిగిందో రాస్తాను, నాలాంటి వాళ్లెవరికైనా పనికొస్తుంది. టార్గెట్ ఈ ఉదయం 11:40 పెట్టుకున్నాను. ఆదివారం తెల్లవారుజామున షెడ్యూల్ ప్రకారం వచ్చిన బేస్‌బ్యాకప్‌తో మొదలుపెట్టాను.

మొదటిసారి సర్వర్ ఇట్టే లేచింది. ఎర్రర్ లేదు, యాప్ కనెక్ట్ అయింది, లాగిన్ అయింది, బిల్లులు కనిపించాయి. నిజం చెప్పాలంటే మీరు ఆ టేబుల్ సంగతి చెప్పకపోతే నేను అక్కడే ఆపేసి సార్‌కి ఫోన్ చేసేవాడిని. చివరి వరస చూస్తే ఆదివారం తెల్లవారుజాము 4:12. న్యాస్‌లోంచి ఒక్క లాగ్ ఫైలు కూడా తీసుకోలేదు! రీస్టోర్ కమాండ్ (న్యాస్ నుంచి వాల్ ఫైళ్లు తెచ్చేది) అయితే రాశాను కానీ రికవరీ డాట్ సిగ్నల్ అనే ఖాళీ ఫైలు డేటా డైరెక్టరీలో పెట్టడం మర్చిపోయాను. అది లేకపోతే రికవరీ టార్గెట్లూ, రీస్టోర్ కమాండూ ఏదీ పట్టించుకోకుండా బ్యాకప్‌లో ఉన్న వాల్ వరకే చూసుకుని లేచి కూర్చుంటుంది, అది దాని పద్ధతట.

రెండోసారి సిగ్నల్ ఫైలు పెట్టాను, లాగ్‌లో "రీస్టోర్డ్ లాగ్ ఫైల్" అని గడగడా లైన్లు పడుతుంటే ఆనందం, గంట తర్వాత ఫేటల్: "రికవరీ ఎండెడ్ బిఫోర్ కాన్ఫిగర్డ్ రికవరీ టార్గెట్ వాజ్ రీచ్డ్". ఉన్న లాగులన్నీ అయిపోయాయి, నేనడిగిన టైమ్ ఇంకా రాలేదంటుంది. నాకు చెమటలు పట్టాయి, ఫైళ్లు మళ్లీ పోయాయేమో అని. గంటసేపు కొట్టుకున్నాక తెలిసింది, వీఎంలో టైమ్‌జోన్ యూటీసీ. నేను రాసిన 11:40 దాని లెక్కలో మన సాయంత్రం 5:10. నేను టెస్ట్ చేస్తున్నది మధ్యాహ్నం, సాయంత్రం లాగులు ఎక్కణ్నుంచి తెస్తుంది పాపం.

మూడోసారి టైమ్ చివర +05:30 పెట్టాను. టార్గెట్ దగ్గరికి రాగానే రికవరీ పాజ్ అయి ఆగింది. రీడ్ ఓన్లీలో ఆ టేబుల్ తెరిస్తే చివరి వరస 11:39. పక్కనే అసలు సర్వర్‌లో అదే టైమ్‌కి బిల్ నంబర్ ఎంతో చూశా, ఇక్కడా అదే.

పైపు_పంతులు · సోమవారం రాత్రి 10:03

రెండో దానికి సంతోషించండి. 12వ వెర్షన్ అయితే ఆ ఫేటల్ కూడా వచ్చేది కాదు, ఉన్నంతవరకు తెచ్చేసి, టార్గెట్ అందకపోయినా కిక్కురుమనకుండా ప్రమోట్ అయిపోయేది. 13 నుంచే అలా ఆగి చెబుతోంది.

టూల్స్_తమ్ముడు · సోమవారం రాత్రి 10:10

మరి సార్‌కి ఏం చెప్పారన్నా?

కొత్త_డీబీఏ · సోమవారం రాత్రి 10:26

ఇందాకే చెప్పాను. "సర్వర్ మొత్తం పోయినా అయిదు నిమిషాల వెనక్కి తేగలం సార్, గంటన్నర పడుతుంది, ఇవాళ చేసి చూశాను" అన్నాను. నాలుగు నెలల 20 బైట్ల సంగతి కూడా దాచకుండా చెప్పేశాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ప్రతి నెలా మొదటి సోమవారం ఇది చేసి, ఆ చివరి వరస స్క్రీన్‌షాట్ నాకు వాట్సాప్ చెయ్యి, ఆ ఓకే మెయిల్ మాత్రం ఆపెయ్" అన్నారు. ఓకే మెయిల్ క్రాన్ ఇప్పుడే తీసేశాను.